అటక మీది రాడ్ దించేవారికి: అరవైలో మళ్లీ ట్రౌట్ వేట ఎలా మొదలుపెట్టాలి?

బ్యాంకు ఉద్యోగం మీద హిమాచల్ ప్రదేశ్‌లోని మండీలో ఉన్న రోజుల్లో నేను మొదటిసారి స్పిన్నింగ్ రాడ్ (లైను చుట్టే రీలు బిగించిన గాలపు కర్ర) పట్టాను. అప్పటికి నాకు తెలిసిన చేపల వేట అంతా బందరు కాలువ గట్టున వెదురు కర్ర, జీలుగు బెండు, చిప్పలో ఎర్రలు. హిమాచల్ చన్నీళ్లలో ట్రౌట్ అనే చేప లైనును లాగిన మొదటి లాగుడు ఇప్పటికీ మణికట్టులో ఉంది. మూడేళ్లకు బెంగళూరు బదిలీ అయింది. రాడ్ అటకెక్కింది. పిల్లల చదువులు, ఇంటి అప్పు, అమ్మానాన్నల వైద్యంతో ఇరవై ఆరేళ్లు గడిచిపోయాయి. పదవీ విరమణ అయిన నెలలోనే దాన్ని కిందికి దించాను.

మీరూ అలాంటి రాడ్ ఒకటి దించాలనుకుంటుంటే ఇది మీ కోసమే. తిరిగి మొదలుపెట్టేవారు సాధారణంగా ఏ రీలు కొనాలి, ఏ లూర్ (ఎరలా భ్రమింపజేసే కృత్రిమ వస్తువు) మంచిది అని ఆలోచిస్తారు. నేనూ అదే చేశాను. కానీ మళ్లీ వెళ్లిన మొదటిసారి నన్ను ఇబ్బంది పెట్టినవి ఆ రెండూ కావు. కళ్లజోడు, మోకాళ్లు, నీటిలో ఎంత దూరం వెళ్లాలో మరిచిపోవడం. విసరడం చేతికి వారంలో తిరిగి వస్తుంది. రాళ్ల మీద నిలబడటం రావడానికి నెలలు పడుతుంది. అందుకే కింద చెప్పే పనుల వరుస మార్చకండి. ముందు తేదీ, తర్వాత ఒళ్లు, తర్వాత సామాను, ఆపైన సాధన, అన్నిటికంటే చివర నది. మొత్తానికి నాలుగు నెలల సమయం పెట్టుకోండి.

ముందు తేదీ ఖాయం చేసుకోండి

బెంగళూరు చుట్టుపక్కల ట్రౌట్ ఉండదు. దానికి చల్లగా, స్వచ్ఛంగా, ప్రాణవాయువు నిండుగా ఉండే నీరు కావాలి. 10 నుంచి 16 డిగ్రీల మధ్య హాయిగా తింటుంది, 20 దాటితే అవస్థ పడుతుంది. మనకు దగ్గరలో ఉన్న ట్రౌట్ నీలగిరుల్లో ఉంది. 1907లో అవలాంచీ దగ్గర చేపపిల్లల కేంద్రం పెట్టి అక్కడి వాగుల్లో రెయిన్‌బో ట్రౌట్‌ను పెంచారు. అయితే ఆ నీళ్లు చాలావరకు అడవుల్లో ఉన్నాయి. ముకుర్తి లాంటి జాతీయ ఉద్యానవనం లోపల గాలం వేయడం నేరం. ఎవరో తీసుకెళ్తామన్నారని వెళ్లకండి. రాతపూర్వక అనుమతి చూపించలేనివారి వెంట అడవిలోకి అడుగు పెట్టవద్దు.

తిరిగి మొదలుపెట్టేవారికి నేను చెప్పేది హిమాచల్‌లోని తీర్థన్ లోయ. 1909లో కాశ్మీరు నుంచి తెచ్చిన గుడ్లతో కులూ ప్రాంతంలో బ్రౌన్ ట్రౌట్ మొదలైంది. తీర్థన్‌లో ఇప్పుడు ప్రధానంగా ఉన్నది అదే. చండీగఢ్ నుంచి మనాలీ దారిలో మండీ దాటి, ఔట్ దగ్గర బంజార్ వైపు తిరగాలి. బంజార్ నుంచి గుషైనీ దాకా రోడ్డు నది పక్కనే సాగుతుంది. మనలాంటివారికి ఇదే పెద్ద సౌకర్యం. కొండ దిగకుండా, రెండు మైళ్లు నడవకుండా, రోడ్డు దిగి పది అడుగుల్లో నీటి దగ్గరికి వెళ్లగల చోట్లు ఉన్నాయి.

హిమాచల్‌లో నవంబరు 1 నుంచి ఫిబ్రవరి చివరి వరకు ట్రౌట్ వేట నిషేధం. అది బ్రౌన్ ట్రౌట్ గుడ్లు పెట్టే కాలం. మే, జూన్‌లలో మంచు కరిగి నీరు మసకబారుతుంది, జులై, ఆగస్టుల్లో వానలకు బురదెక్కుతుంది. మిగిలింది మార్చి రెండో సగం నుంచి ఏప్రిల్ చివరి దాకా, మళ్లీ సెప్టెంబరు చివర నుంచి అక్టోబరు చివరి దాకా. నేను ఏప్రిల్‌కే ఓటు వేస్తాను. దానికి ఒక కారణం ఉంది. అప్పుడు తెల్లవారుజామున నీరు మరీ చల్లగా ఉండి చేప కదలదు. పొద్దు పైకి వచ్చి నీరు కాస్త వెచ్చబడ్డాక, పదిన్నర నుంచి మూడున్నర వరకు తింటుంది. చీకట్లో లేచి వణుక్కుంటూ వెళ్లాల్సిన పని లేదు. టిఫిను తిని, మాత్రలు వేసుకుని, తీరిగ్గా బయల్దేరవచ్చు.

వేటకు రాష్ట్ర మత్స్యశాఖ లైసెన్సు తప్పనిసరి. ఎన్ని చేపలు ఉంచుకోవచ్చు, ఎంత పొడవు దాటినవి ఉంచుకోవచ్చు అన్నది ఆ కాగితంలోనే ఉంటుంది. చదివి జేబులో పెట్టుకోండి.

ఒళ్లు

ఇక్కడ తొందరపడకండి. మీ డాక్టరుతో మాట్లాడేటప్పుడు "కాస్త నడక ఉంటుంది" అని చెప్పి ఊరుకోకండి. చల్లటి నీటిలో మోకాలి లోతున నిలబడతానని, జారే రాళ్ల మీద నడుస్తానని, పదహారు వందల మీటర్ల ఎత్తులో ఉంటానని వివరంగా చెప్పండి. రక్తం పలచబడే మందు వాడుతుంటే చిన్న కోత కూడా త్వరగా ఆగదు కాబట్టి కట్టు సామాను వెంట ఉండాలి. మధుమేహం ఉంటే గ్లూకోజు పొడి సంచిలో కాదు, చొక్కా జేబులో పెట్టుకోండి. అరికాళ్లలో తిమ్మిరి ఉన్నవారు ఒక్క అడుగు కూడా ఉత్త కాళ్లతో నీటిలో పెట్టకూడదు. రాయి కోసినా మీకు తెలియదు.

కళ్ల సంగతి ఎవరూ చెప్పరు, అందుకే నేను గట్టిగా చెబుతున్నాను. నేను వాడేది ప్రోగ్రెసివ్ అద్దాలు. పైభాగంలో దూరం, కిందిభాగంలో చదువు. నదిలో కాలు ఎక్కడ పెట్టాలో చూడటానికి తల దించకుండా చూపు దించితే, ఆ కిందిభాగంలోంచి రాళ్లన్నీ మసకగా, ఉన్నదానికంటే దగ్గరగా కనిపిస్తాయి. నా మొదటి రోజున అలాగే, చదునుగా ఉందనుకున్న రాయి ఏటవాలుగా ఉండి, ఎడమ మోకాలు నేరుగా బండకు కొట్టుకుంది. అదృష్టం కొద్దీ వాపుతో పోయింది. ఆ సాయంత్రమే నిర్ణయించుకున్నాను, నీటిలోకి దిగితే దూరపు చూపు అద్దాలే. ఊరికి వచ్చాక నా నంబరుతో పోలరైజ్డ్ అద్దాలు చేయించుకున్నాను. నీటి మీది మెరుపును అవి తీసేస్తాయి, అడుగున రాళ్లు, కొన్నిసార్లు చేపలు కూడా కనిపిస్తాయి. ముడి వేయడానికి చదువు కళ్లజోడు తాడుతో మెడలో వేలాడుతుంది. ఖర్చు పెట్టదలిస్తే కొత్త రీలు కంటే ముందు ఈ అద్దాలకు పెట్టండి.

కాళ్లకు మూడు పనులు చాలు. పళ్లు తోముకునేటప్పుడు ఒంటికాలి మీద ముప్పై సెకన్లు, తర్వాత రెండో కాలి మీద, మొదట్లో చెయ్యి గోడకు ఆనించి. లిఫ్టు మానేసి మెట్లు, దిగేటప్పుడు ముఖ్యంగా. ఆదివారం ఉదయం నంది కొండ మెట్లు గానీ, రామనగర దగ్గరి బండరాళ్లు గానీ. అక్కడి గ్రానైటు మీద నెమ్మదిగా, కర్ర పట్టుకుని, ప్రతి అడుగూ చూసి వేస్తూ నడిస్తే అదే నదికి మంచి తర్ఫీదు. భుజం పట్టేసిన వాళ్లు దిగులు పడవద్దు. తేలిక రాడ్‌తో మోచేయి నడుముకు ఆనించి పక్క నుంచి విసరవచ్చు. నేను ఇప్పుడు ఎక్కువగా విసిరేది అలాగే.

పాత రీలు విప్పి చూడండి

వరండాలో దినపత్రిక పరిచి, ఒక పళ్లెం పెట్టుకుని కూర్చోండి. విప్పిన ప్రతి భాగాన్నీ విప్పిన వరుసలోనే పళ్లెం అంచున పేర్చండి, మధ్యమధ్యలో ఫోనుతో ఫొటో తీయండి. నా రీలు పిడి తిప్పినప్పుడు గరగరమంది. పక్క మూత తీస్తే లోపలి గ్రీజు ముదురు పాకంలా గట్టిపడి, పళ్ల చక్రానికి అతుక్కుని ఉంది. గోటితో గీకితే పెచ్చుగా ఊడి వచ్చింది. పాత టూత్‌బ్రష్షును కిరోసిన్‌లో ముంచి పంటిపంటినీ రుద్ది, పాత పంచె ముక్కతో తుడిచి, రాత్రంతా ఆరబెట్టాను. మర్నాడు పళ్ల మీద పలచగా గ్రీజు, బెయిల్ (లైనును స్పూలు మీదికి నడిపే, తెరిచి మూసే తీగ కమ్మీ) చివర లైను దొర్లే చిన్న చక్రానికి ఒక్క చుక్క నూనె. ఆ చక్రం తిరగకపోతే లైను దాని మీద రుద్దుకుని మెలిపడుతుంది. పాత రీళ్లలో తరచూ ఆగిపోయేది అదే. లైను చుట్టుకునే స్పూలు లోపలి డ్రాగ్ (చేప గట్టిగా లాగితే లైను తెగకుండా కాస్త జారనిచ్చే బ్రేకు) బిళ్లలు మెత్తగా, పొడిగా ఉండాలి. అణిగి రాయిలా అయిపోతే కొత్తవి వేయించండి.

పాత నైలాన్ లైనును మాత్రం నిస్సంకోచంగా పారేయండి. పైకి మెరుస్తూ ఉన్నా లోపల బిరుసెక్కి ఉంటుంది. అరచేతికి గుడ్డ చుట్టుకుని కొంచెం లాగి చూడండి, దారంలా పుటుక్కుమంటుంది. పారేసే ముందు ముక్కలుగా కత్తిరించండి. పొడవాటి లైను చెత్తలో పడితే పక్షుల కాళ్లకు చుట్టుకుంటుంది.

రాడ్‌లో చూడాల్సింది లైను పోయే వలయాలు. ప్రతి వలయం లోపల దూదిని తిప్పండి. ఎక్కడ దూది పోగు తట్టుకుంటే అక్కడ పగులు ఉంది. అది కొత్త లైనును కోసేస్తుంది.

కొత్తగా ఏం కొనాలి?

తక్కువ. ఆరు, ఆరున్నర అడుగుల తేలిక రాడ్, 1000 నుంచి 2500 సైజు లోపు రీలు. పాతవి బాగుంటే అవే చాలు. అల్లిక లైను సన్నగా ఉండి దూరం పోతుంది కానీ తడి చేతిని కోస్తుంది, గాలిలో చిక్కుపడితే వయసు మీరిన కళ్లకు విడదీయడం కష్టం. అందుకే తిరిగి మొదలుపెట్టేవారికి నా సలహా 6 పౌండ్ల బరువు తట్టుకునే మామూలు నైలాన్. అది కాస్త సాగుతుంది, మన తొందరపాటును అది భరిస్తుంది.

లూర్లలో రేకు తిరిగే స్పిన్నర్లు సున్నా, ఒకటి, రెండు సైజుల్లో, వెండి రంగుది ఒకటి, బంగారు రంగుది ఒకటి. మూడు నుంచి ఏడు గ్రాముల స్పూన్లు (చెంచా ఆకారపు రేకు లూర్లు) రెండు. అయిదు సెంటీమీటర్ల చిన్న చేప బొమ్మ ఒకటి. డబ్బా నిండా కొనకండి. నదిలో లూర్ మారుస్తూ గడిపిన సమయం లూర్ నీటిలో లేని సమయం. మూడు ముళ్ల గాలాలు తీసేసి ఒంటి గాలం పెట్టండి, కొన దగ్గరి ఎదురుముల్లును పటకారుతో నొక్కి చదును చేయండి. దానివల్ల చేపకు గాయం తగ్గుతుంది. మన వేలిలో దిగినా సులువుగా వస్తుంది.

పిడి పొడుగ్గా ఉన్న చేతి వల కొనండి, వంగాల్సిన పని తప్పుతుంది. దాని దారం రబ్బరుదైతే చేప పొలుసులు, జిగురు పోవు. నీటి ఉష్ణోగ్రత చూసే చిన్న థర్మామీటరు, ఈల, నీళ్లు చొరని ఫోను సంచి. పట్టు ఉన్న అడుగుతో నీటి బూట్లు. నడిచే కర్ర మాత్రం అక్కడే దొరుకుతుంది.

ఒక్క ముడి బాగా నేర్చుకోండి

నాలుగు ముళ్లు సగం సగం వచ్చేకంటే ఒక్కటి కళ్లు మూసుకుని వేయగలగాలి. నేను చెప్పేది పాలోమర్ ముడి. లైనును రెండు పేటలుగా మడిచి, ఆ మడతను గాలం కన్నంలోంచి దూర్చండి. ఆ జంట పేటతో వదులుగా ఒక మామూలు ముడి వేయండి. మిగిలిన మడతలోంచి లూర్‌ను మొత్తంగా దూర్చండి. ఉమ్మితో తడిపి నెమ్మదిగా బిగించండి. తడపకుండా లాగితే రాపిడి వేడికి నైలాన్ బలహీనమవుతుంది. రాత్రి వార్తలు వింటూ ఒక బొత్తానికి ఇరవై సార్లు వేయండి. వారంలో వేళ్లకు అలవాటవుతుంది.

స్పిన్నర్ గుండ్రంగా తిరుగుతూ లైనును మెలిపెడుతుంది. దానికి రెండడుగుల పైన చిన్న స్వివెల్ (మెలి పడకుండా గుండ్రంగా తిరిగే కీలు) కట్టండి. రెండు చివర్లా ఇదే ముడి.

బెంగళూరులోనే సాధన

మా అపార్టుమెంటు వెనుక షటిల్ కోర్టు ఉంది. ఉదయం ఆరున్నరకు ఎవరూ ఉండరు. గాలం లేని ఏడు గ్రాముల సీసం గుండు కట్టి, పది మీటర్ల దూరంలో నీళ్ల టబ్బు ఒకటి పెట్టి విసిరేవాణ్ని. మైదానం ఏదైనా చాలు, గాలం మాత్రం ఉండకూడదు.

రీలు కాడ మీ మధ్యవేలికీ ఉంగరపు వేలికీ మధ్య ఉండాలి. గుండు రాడ్ కొన నుంచి ఒక అడుగు కిందికి వేలాడాలి. చూపుడువేలి మొదటి గణుపు మీద లైనును ఎత్తి పట్టుకుని, ఎడమచేత్తో బెయిల్ తెరవండి. రాడ్‌ను వెనక్కి తెచ్చినప్పుడు గుండు బరువుకు కొన వంగడం చేతికి తెలియాలి. ఆ వంపు ఉండగానే ముందుకు ఊపి, కొన లక్ష్యం వైపు చూస్తున్న క్షణంలో వేలు వదలండి. గుండు ఆకాశానికి ఎగిరితే తొందరగా వదిలారు. ముందే నేలకు కొట్టుకుంటే ఆలస్యంగా వదిలారు. భుజంతో విసరకండి. పని చేయాల్సింది రాడ్ వంపు.

ఇంతవరకు అందరూ చెబుతారు. వేటలో తేడా చూపేది దీని తర్వాతి సగం. గుండు గాలిలో ఉండగా చూపుడువేలిని మెల్లగా కిందికి తెచ్చి స్పూలు అంచును తాకండి. బయటికి దూకుతున్న లైను వేలికి టపటపా తగులుతుంది, గుండు వేగం తగ్గుతుంది. ఇంకాస్త ఆనిస్తే టబ్బు మీద ఆగి నిలువుగా దిగుతుంది. అలా దిగిన లూర్ నీటిలో ఆకు రాలినట్టు పడుతుంది. అడుగు లోతు నీటిలో ఉన్న ట్రౌట్ టప్పుమన్న చప్పుడుకే పారిపోతుంది. పడగానే బెయిల్‌ను పిడితో కాకుండా చేత్తో మూయండి, లైనును ఒకసారి చేత్తో బిగువుగా లాగి అప్పుడు చుట్టండి. సగం చిక్కులు ఇక్కడే తప్పుతాయి.

పది మీటర్ల దూరంలో టబ్బులో పదికి ఆరు పడేదాకా దూరం పెంచకండి. తీర్థన్ లాంటి నదిలో పదిహేను మీటర్లు దాటి విసిరే అవసరం అరుదుగా వస్తుంది. దూరం కాదు, గురి కావాలి.

డ్రాగ్ సరిచూడటానికి లీటరు సీసాలో 700 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, మూత కింద లైను కట్టి, రాడ్‌తో పైకెత్తండి. సీసా నేల వదిలే సమయానికి లైను జారడం మొదలవ్వాలి. 6 పౌండ్లంటే సుమారు 2.7 కిలోలు, అందులో నాలుగో వంతు ఇది. చేత్తో లాగి "సరిపోతుందిలే" అనుకునేవారు దాదాపు అందరూ ఎక్కువే బిగిస్తారు.

తర్వాత నిజమైన నీళ్లు. ఊళ్లోని చెరువుల్లో చేపల హక్కులు ఎవరో ఒకరికి గుత్తకు ఇచ్చి ఉంటారు, పైగా చాలావాటిలో మురుగు కలుస్తుంది. వాటి జోలికి పోకుండా, ఊరి బయట డబ్బు కట్టించుకుని వేటకు రానిచ్చే ప్రైవేటు చేపల కుంటలకు వెళ్లండి. బొచ్చె, రాగండి స్పిన్నర్‌ను పెద్దగా పట్టించుకోవు. తిలాపియా వెంటపడుతుంది, గడ్డి అంచున కొర్రమీను ఉంటే గట్టిగానే కొడుతుంది. అక్కడ మీరు నేర్చుకోవాల్సింది ఒక్కటే. చేప లైను లాగుతూ డ్రాగ్ జారుతున్నప్పుడు పిడి తిప్పకండి. తిప్పిన ప్రతిసారీ లైను మెలిపడుతుంది, చేప ఒక్క అంగుళం కూడా దగ్గరకు రాదు. అది లాగినంతసేపూ లాగనివ్వండి, ఆగినప్పుడు రాడ్‌ను వెనక్కి ఎత్తి, దించుతూ చుట్టండి. ఒక సాయంత్రం ఇలా పదిసార్లు జరిగితే చేతికి పాత ఓపిక తిరిగొస్తుంది.

ఆ కుంటల్లో వాడిన బూట్లు, వల, లూర్లు కడిగి పూర్తిగా ఎండబెట్టకుండా కొండ నదికి తీసుకెళ్లవద్దు. ఇక్కడి నాచు, రోగాలు అక్కడి నీటికి అంటించినవాళ్లమవుతాం.

ప్రయాణం

రాడ్‌ను ప్లంబింగు పైపు ముక్కలో పెట్టి, రెండు పక్కలా మూతలు బిగించి విమానంలో వేయవచ్చు. గాలాలు, పటకారు, కత్తి చెక్-ఇన్ సామానులోనే. మందులు మాత్రం చేతి సంచిలో. చేరిన రోజు వేట పెట్టుకోకండి. ఆ రోజు నది ఒడ్డున ఊరికే కూర్చుని చూడండి.

నీటిని చదవడం

ఆ కూర్చోవడం కూడా వేటలో భాగమే. ట్రౌట్ ఎప్పుడూ ప్రవాహానికి ఎదురుగా ముఖం పెట్టి ఉంటుంది. శ్రమ లేకుండా నిలవగల చోటు, తిండి పక్కనుంచి కొట్టుకొచ్చే చోటు వెతుక్కుంటుంది. పెద్ద రాయి వెనక మాత్రమే కాదు, ముందు కూడా నీరు మెత్తబడుతుంది, అక్కడా ఉంటుంది. వేగంగా పారే పాయ, నిదానంగా కదిలే నీరు ఒరుసుకునే గీత ఒకటి కనిపిస్తుంది, నురగ ఆ గీత వెంబడే పోతుంది. మొదట ఆ గీతకు వేయండి. తర్వాత మడుగు తోక భాగం, అంటే లోతు తగ్గి నీరు మళ్లీ రాళ్ల మీదికి జారబోయే చోటు. మా కాలువలో మేము అన్నిటికంటే లోతైన చోటే వెతికేవాళ్లం. ట్రౌట్ విషయంలో ఆ అలవాటు మానుకోవాలి. మోకాలి లోతు లేని చోట కూడా మంచి చేప ఉంటుంది, మనం నడిచి దాన్ని తరిమేస్తాం. అందుకే ముందు కాళ్ల దగ్గర వేయండి, తర్వాత నాలుగు మీటర్లు, ఆ తర్వాతే దూరం.

ఎగువకు ఏటవాలుగా విసిరి, ప్రవాహం కంటే ఒక వాసి వేగంగా చుట్టండి. రేకు తిరుగుతుంటే రాడ్ కొనలో సన్నని వణుకు వస్తుంది. వణుకు ఆగితే నెమ్మదిగా చుడుతున్నారు. నీరు చల్లగా ఉన్న ఉదయాల్లో చుట్టే ముందు ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టి లూర్‌ను లోతుకు దిగనివ్వండి. లోతు తక్కువైన చోట పడీ పడగానే చుట్టండి. చేప వెంటపడి కొట్టకుండా తిరిగిపోతే అదే లూర్‌ను వెంటనే మళ్లీ వేయకండి. అయిదు నిమిషాలు ఆగి, చిన్న సైజు వేయండి. ఒకే చోట పది పన్నెండు సార్ల కంటే ఎక్కువ విసరకుండా రెండు రాళ్లు పైకి జరగండి.

లూర్ రాళ్లలో ఇరుక్కుంటే రాడ్‌తో ఊపి లాగకండి. కొంచెం ఎగువకు నడిచి అటు నుంచి లాగితే సగం సార్లు వచ్చేస్తుంది. రాకపోతే లైనును కర్ర ముక్కకు చుట్టి తెంపండి, చేతికి చుట్టి కాదు. ఒక్క లూర్ కోసం నడుము లోతుకు దిగడం అరవైలో చేయకూడని పని.

మార్చి, ఏప్రిల్‌లలో గులకరాళ్లు కడిగినట్టు తేటగా ఉన్న మెత్తటి చోట్ల కాలు పెట్టకండి. రాళ్ల సందుల్లో గుడ్లు, ఇంకా పైకి రాని పిల్లలు ఉండవచ్చు.

నీళ్లు పెరిగితే

ఇది మిగతాదానికంటే జాగ్రత్తగా చదవండి. తీర్థన్ లార్జీ దగ్గర బియాస్‌లో కలుస్తుంది. 2014 జూన్ 8న లార్జీ ఆనకట్ట నుంచి వదిలిన నీరు దిగువన థలోట్ దగ్గర ఒక్కసారిగా వచ్చిపడి, హైదరాబాదు నుంచి వెళ్లిన 24 మంది ఇంజనీరింగ్ విద్యార్థులను, వారి వెంట ఉన్న యాత్రా నిర్వాహకుణ్ని పొట్టన పెట్టుకుంది. రెండు తెలుగు రాష్ట్రాలూ ఏడ్చిన రోజు అది. ఆ పిల్లలు ఫొటోలు తీసుకోవడానికి రాళ్ల మీదికి వెళ్లారు, అంతే. ఆనకట్టకు దిగువన ఉన్న ఏ నదిలోనూ, ఎంత తక్కువ నీరున్నా, మధ్యలోని రాళ్ల మీదికి వెళ్లకండి.

ఆనకట్ట లేని చోట వాన ఉంటుంది. నేను, మా బావమరిది గుషైనీ పైన ఉన్నప్పుడు మా మీద ఎండే కాస్తోంది. నేను లూర్ మారుస్తున్నాను, ముడి తప్ప మరేమీ చూడటం లేదు. ఒడ్డు నుంచి అతని గొంతు వినిపించింది. "బావగారూ, నీళ్ల రంగు మారింది, పైకి వచ్చేయండి." తల ఎత్తి చూస్తే ఆకులు, పుల్లలు తేలి వస్తున్నాయి, ఆకుపచ్చ నీటిలో టీ రంగు పాయ ఒకటి కలుస్తోంది. బయటికి వచ్చి పావుగంట గడిచేసరికి నేను నిలబడిన రాయి నీటి అడుగున ఉంది. పైన ఎక్కడో కొండ మీద వాన పడిందట. రంగు, తేలే చెత్త, నీటి చప్పుడు బరువెక్కడం, ఈ మూడింటిలో ఏ ఒక్కటి కనిపించినా చుట్టడం కూడా ఆపి ఒడ్డుకు రండి.

అందుకే ఒంటరిగా వెళ్లవద్దు. వెంట వచ్చేవారు వేటాడకపోయినా ఫరవాలేదు, ఒడ్డున కూర్చుని నీటిని చూస్తే చాలు. మోకాలు దాటి దిగకండి. నీటిలో నడిచేటప్పుడు ప్రవాహానికి ఎదురుగా తిరిగి, కర్రను ఎగువన ఆనించి, ఒక కాలు కుదిరాక రెండోది కదపండి, కాళ్లు అడ్డంగా వేసుకోకుండా. పడితే లేవబోకండి. వెల్లకిలా, పాదాలు దిగువకు పెట్టి, లోతు తగ్గేదాకా తేలండి. మొదటి రోజు మూడు గంటలు చాలు. అలసిన కాలే జారుతుంది.

చేప చేతికి వచ్చాక

రాడ్‌ను పక్కకు వంచి చేపను ఒడ్డు పక్కన మెత్తటి నీటికి తెచ్చి, వలను నీటిలోనే ఉంచి దాని మీదికి నడిపించండి. చేతులు తడపకుండా తాకకండి. పొడి చేయి దాని ఒంటి జిగురును తుడిచేస్తుంది, అక్కడ బూజు పడుతుంది. పసుపు, గోధుమ కలిసిన ఒళ్లు, పక్కల మీద ఎర్రని చుక్కలు, ఒక్కో చుక్క చుట్టూ లేత రంగు వలయం ఉంటే అది బ్రౌన్ ట్రౌట్. పక్కన గులాబీ పట్టీ, తోక నిండా నల్ల చుక్కలు ఉంటే రెయిన్‌బో. పటకారుతో గాలం కాడ పట్టుకుని వెనక్కి తిప్పితే, ఎదురుముల్లు లేదు కనుక జారి వస్తుంది. ఫొటో కావాలంటే మీ ఊపిరి బిగబట్టి, మీకు ఊపిరి కావాల్సి వచ్చేలోపు దాన్ని నీటిలో పెట్టేయండి. వదిలేటప్పుడు తల ఎగువకు ఉంచి కింద నుంచి మెల్లగా పట్టుకోండి. తోక బలంగా కొట్టి తనంతట తాను వెళ్లేదాకా తోయకండి. నీరు 20 డిగ్రీలు చూపితే ఆ రోజుకు వేట ఆపండి. వదిలినా బతక్కపోవచ్చు.

తినాలనిపిస్తే ఆ లోయలో పెంచిన ట్రౌట్ అమ్ముతారు. అది కొనుక్కోండి, నదిలోది నదికి వదిలేయండి. ఒక్క మాట, దానికి చింతపండు పులుసు పెట్టకండి. పులుపు కింద ఆ సున్నితమైన రుచి మొత్తం మునిగిపోతుంది. ఉప్పు, మిరియాలు పట్టించి కొద్ది నూనెలో రెండు పక్కలా కాల్చి నిమ్మకాయ పిండితే చాలు.

నది వదిలే ముందు, ఇంటికి వచ్చాక

చివరి రోజు లూర్ విప్పేసి, ఉత్త లైనును ముప్పై మీటర్లు ప్రవాహంలోకి వదిలి రెండు నిమిషాలు అలాగే ఉంచండి. పడిన మెలికలన్నీ నీరే విప్పేస్తుంది. తర్వాత వేళ్ల మధ్య తడి గుడ్డ పెట్టి బిగువుగా చుట్టండి.

ఇంట్లో రీలును పలచని నీటి ధారతో కడిగి ఆరబెట్టండి, కుళాయి కింద గట్టిగా పెడితే నీరు లోపలికి చొరబడుతుంది. డ్రాగ్ మరను పూర్తిగా వదులు చేయండి, బిగించి ఉంచితే బిళ్లలు అణిగిపోతాయి. లూర్లను విడివిడిగా ఎండనిచ్చాకే డబ్బాలో పెట్టండి. ఒక చిన్న నోటు పుస్తకంలో తేదీ, వేళ, నీటి ఉష్ణోగ్రత, నీటి రంగు, ఏ రాయి దగ్గర ఏ లూర్‌కు కొట్టిందో రాసుకోండి. మోకాలు ఎన్ని గంటలకు నొప్పి మొదలుపెట్టిందో కూడా రాయండి. వచ్చే ఏడాది రోజుకు ఎన్ని గంటలు వేటాడాలో నేను ఆ అంకె చూసే నిర్ణయించుకుంటున్నాను. రాడ్‌ను మాత్రం మళ్లీ అటక ఎక్కించకండి. మాది ఇప్పుడు హాల్లో తలుపు వెనక, రెండు మేకుల మీద, చేతికి అందేంత ఎత్తులో ఉంది.